ఒకటికి ఎంత తక్కువ?

కనకపుర బెంగళూరుకు యాభై అరవై కిలోమీటర్ల దూరం. మాగడి కూడా అంతే. రెండూ రాజధాని గాలి తగిలే ఊళ్ళే. 2002 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వానికి అందిన ఒక నివేదిక ఈ రెండు తాలూకాలనూ రాష్ట్రంలో అత్యంత వెనుకబడిన 39 తాలూకాల జాబితాలో చేర్చింది. అదే జాబితాలో రాయచూరు జిల్లా దేవదుర్గ ఉంది, బీదరు జిల్లా ఔరాద్ ఉంది. మన పాత అనంతపురం జిల్లాను ఆనుకుని, వీధుల్లో తెలుగు ధారాళంగా వినిపించే పావగడ, బాగేపల్లి కూడా ఉన్నాయి. ఉత్తర కర్ణాటకను నిర్లక్ష్యం చేశారని ఒక పక్షం, అదంతా రాజకీయమని ఇంకో పక్షం ఏళ్ళ తరబడి వాదించుకుంటున్న రాష్ట్రంలో, ఏ పక్షానికీ పూర్తిగా కలిసిరాని జాబితా ఇది. ఆ నివేదిక మీద నాకు గౌరవం మొదలయ్యేది అక్కడే.

దాన్ని అందరూ నంజుండప్ప నివేదిక అంటారు. ఎస్.ఎం. కృష్ణ ముఖ్యమంత్రిగా ఉండగా, 2000లో, ప్రాంతీయ అసమానతల పరిష్కారానికి ఒక ఉన్నతాధికార కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు ప్రొఫెసర్ డి.ఎం. నంజుండప్ప. ఆర్థికశాస్త్ర ఆచార్యులు, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికీ బెంగళూరు విశ్వవిద్యాలయానికీ ఉపకులపతిగా పనిచేసినవారు, రాష్ట్ర ప్రణాళికా మండలి వ్యవహారాలు లోపలినుంచి ఎరిగినవారు. ఇలాంటి కమిటీల నివేదికలు మామూలుగా ఎలా ఉంటాయో మనకు తెలుసు. చరిత్ర కొంత, ఆవేదన కొంత, చివర్న పొడుగాటి సిఫారసుల పట్టీ. ఇందులోనూ అవి ఉన్నాయి. కానీ మధ్యలో ఒక కొలత ఉంది. ఆ కొలత తయారైన తీరు కోసం ఈ నివేదికను తీరిగ్గా చదవాలి.

మొదటి నిర్ణయం: దేన్ని కొలవాలి? ప్రాంతాన్నా, జిల్లానా, అంతకంటే చిన్నదాన్నా? కమిటీ తాలూకాను ఎంచుకుంది. అప్పటికి 27 జిల్లాల్లో ఉన్న 175 తాలూకాలనూ విడివిడిగా కొలిచింది. పైకి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ సగం న్యాయం ఇక్కడే జరిగిపోయింది. కొలిచే ముక్క పెద్దదయ్యే కొద్దీ సగటు అబద్ధాలాడటం మొదలుపెడుతుంది.

తెలుగువాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2010లో శ్రీకృష్ణ కమిటీ తెలంగాణ, కోస్తా, రాయలసీమ అని మూడు ముక్కలు చేసి పోల్చినప్పుడు గొడవంతా హైదరాబాదును కలిపి లెక్కేయాలా, తీసేసి లెక్కేయాలా అన్న దగ్గరే ఆగింది. కలిపితే తెలంగాణ బాగున్నట్టు, తీసేస్తే వెనుకబడినట్టు. రెండు లెక్కలూ నిజాలే, రెండు పక్షాలకూ చెరొకటి దొరికింది. తర్వాత రాష్ట్ర పునర్విభజన చట్టం వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేక సాయం అన్నప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు లెక్కకొచ్చాయి. జిల్లాకు ఏటా 50 కోట్లు. ఉక్కు కర్మాగారం, ఓడరేవు ఉన్న విశాఖపట్నం జిల్లాకూ 50 కోట్లే, శ్రీకాకుళానికీ 50 కోట్లే. ఆనాటి విశాఖ జిల్లా లోపల బీచ్ రోడ్డూ ఉంది, పాడేరు ఏజెన్సీ కూడా ఉంది. జిల్లా సగటుకు ఆ రెండూ ఒకటే. తెలంగాణలోనూ అంతే, హైదరాబాదు కాక మిగిలిన తొమ్మిది జిల్లాలకు తలా 50 కోట్లు.

(మనం 1985లోనే తాలూకాలు తీసేసి మండలాలు పెట్టుకున్నాం. ముక్క ఇంకా చిన్నది, కొలతకు ఇంకా అనుకూలం. అయినా డబ్బు పంచేటప్పుడు జిల్లాకే వెనక్కి వెళ్ళాం.)

తాలూకా స్థాయికి దిగడంతో కర్ణాటకలో వాదన స్వరూపమే మారింది. 175లో 114 తాలూకాలు వెనుకబడినవని తేలింది. అందులో ఉత్తర కర్ణాటకవి 59, దక్షిణానివి 55. రాజధాని పక్కనే పేదరికం ఉందని దక్షిణాదివారికి ఆధారం దొరికింది. ఉత్తరాదివారికి దొరికిన ఆధారం ఇంకోటి. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే నివేదికలో అసలు పనితనం అందులోనే ఉంది.

రెండో నిర్ణయం: ఏమేం అడగాలి? కమిటీ 35 సూచికలు తీసుకుంది. వాటిని మొత్తంగా చదివితే ఒక తాలూకాలో కాలినడకన తిరిగినట్టే ఉంటుంది. నికర సాగుభూమిలో నీరందేది ఎంత, ట్రాక్టర్లెన్ని, వ్యవసాయానికి బ్యాంకు అప్పు తలకు ఎంత పుట్టింది, లక్షమందికి బ్యాంకు శాఖలెన్ని, పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళు ఎందరు, ఏడాది పొడుగునా బస్సు పోగలిగే రోడ్డున్న ఊళ్ళెన్ని, రైలు పట్టా ఎంత మేర ఉంది, మార్కెట్ యార్డులెన్ని, పదివేలమందికి డాక్టర్లెందరు, ప్రభుత్వాసుపత్రిలో మంచాలెన్ని, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్లో బడి బయట ఉన్నది ఎందరు, మనిషికి రోజుకు 40 లీటర్ల తాగునీరు అందే ఆవాసాలెన్ని.

ఈ ఎంపికలో నాకు నచ్చింది డాక్టర్ల లెక్క. ప్రభుత్వ డాక్టర్లనే లెక్కపెట్టి ఊరుకోలేదు, ప్రైవేటు వైద్యులనూ కలిపారు. జ్వరమొస్తే మనిషి ఎవరి దగ్గరికి పోతాడో అదీ లెక్కలోకి రావాలి కదా. అలాగే ఊళ్ళతో ఆగకుండా శివారు పల్లెలకూ కరెంటు వెళ్ళిందా అని చూడటం. ఒక ఊరికి కరెంటు ఉందని కాగితం మీద రాసి, దాని శివార్లను చీకట్లో ఉంచడం మన దేశంలో చాలాకాలం సాగింది. ఆ కిటుకు తెలిసినవాళ్ళు తయారుచేసిన ప్రశ్నలు ఇవి.

నచ్చనివీ ఉన్నాయి. హెక్టారుకు ఎంత ఎరువు వేశారన్నది అభివృద్ధికి గుర్తుగా పెట్టుకోవడం హరిత విప్లవం రోజుల అలవాటు. లక్షమందికి టెలిఫోన్లెన్ని అన్న ప్రశ్న నివేదిక అచ్చయిన కొన్నేళ్ళకే ముసలిదైపోయింది. సెల్‌ఫోన్ వచ్చి దాన్ని తుడిచిపెట్టేసింది. పిల్లలు బడిలో ఉన్నారా, టీచరుకు ఎందరు అన్నది అడిగారు గానీ ఆ పిల్లలకు చదవడం వచ్చిందా అన్నది అడగలేదు. తాలూకా వారీగా అలాంటి లెక్కలు ఆనాడు లేవు. లేని లెక్కను ఊహించి రాయకుండా, ఉన్న లెక్కతోనే పని చేశారు.

ఇన్ని రకాల అంకెలను కలపడం ఎలా? ట్రాక్టర్లను డాక్టర్లతో కూడలేం. దానికి పద్ధతి పాతదే: ప్రతి సూచికలోనూ రాష్ట్ర సగటును 1 అనుకుని, తాలూకా అంకె ఆ ఒకటిలో ఎంతో చూడటం. బడి బయటి పిల్లల్లాంటి వాటిలో అంకె పెరిగితే చెడ్డ, కాబట్టి అక్కడ తిరగేసి చూడాలి. అన్నిటినీ కలిపి తాలూకాకు ఒక్క అంకె. దాన్ని సమగ్ర అభివృద్ధి సూచీ అన్నారు. 1 గాని, ఆపైన గాని వస్తే పర్వాలేదు. 0.89 నుంచి 0.99 వరకు వెనుకబడినవి, 35 తాలూకాలు. 0.80 నుంచి 0.88 వరకు మరింత వెనుకబడినవి, 40. అంతకంటే కిందివి అత్యంత వెనుకబడినవి, 39. అట్టడుగున దేవదుర్గ, 0.53. అంటే రాష్ట్రంలో సగటున ఉన్న దాంట్లో సగం కంటే ఓ పిసరు ఎక్కువ.

సగటును గీతగా పెట్టుకోవడం మీద అభ్యంతరాలు చెప్పొచ్చు. బెంగళూరు లాంటి నగరం సగటును పైకి లాగుతుంది. అందరూ పెరిగితే గీత కూడా పెరుగుతుంది, ఎవరో ఒకరు ఎప్పుడూ దాని కిందే ఉంటారు. బడి బయటి పిల్లల విషయంలో రాష్ట్ర సగటుతో పోల్చడమే తప్పు, అక్కడ పోల్చాల్సింది సున్నాతో. ఇవన్నీ నిజమే. అయినా ఒక ప్రభుత్వ నివేదికకు ఈ గీతలో ఒక లాభం ఉంది. దాన్ని ఎవరూ పైనుంచి తెచ్చి రుద్దలేదు. ఇదే రాష్ట్రంలో ఇదే ప్రభుత్వం ఇంకోచోట ఇచ్చి చూపించినదే, ఇక్కడెందుకు ఇవ్వలేదని మాత్రమే అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. అందని ఎత్తు కూడా కాదు, 61 తాలూకాలు అప్పటికే దాన్ని దాటి ఉన్నాయి.

వెనుకబడిన తాలూకాల జాబితాలో సింధనూరు పేరు చూసి తెలుగు పాఠకుడు ఆగిపోతాడు. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండే నేల. కోస్తా జిల్లాల నుంచి రైతులు వెళ్ళి భూములు కొనుక్కుని క్యాంపులు కట్టుకున్నది ఇక్కడే. ఈ రోజుకీ ఆ క్యాంపుల్లో గోదావరి, కృష్ణా జిల్లాల యాస వినిపిస్తుంది. నీళ్ళున్నాయి, ట్రాక్టర్లున్నాయి, ఎరువుల లెక్క కూడా బాగానే ఉండాలి. అయినా సింధనూరు అత్యంత వెనుకబడిన 39లోనే తేలింది. పక్కనున్న మాన్వి, లింగసుగూరు కూడా. కాలువ నీళ్ళొస్తే ప్రాంతం బాగుపడినట్టేనన్న మన పాత నమ్మకాన్ని ఈ 35 ప్రశ్నలు ఒప్పుకోలేదు. బళ్లారి జిల్లా సండూరుదీ అదే కథ. ఇనుప ఖనిజం తవ్వి దేశదేశాలకు పంపిన గడ్డ, అదీ ఆ జాబితాలోనే. ఒక్క తలసరి ఆదాయమో, ఒక్క సాగునీటి లెక్కో తీసుకుని ఉంటే ఈ రెండూ జల్లెడలోంచి జారిపోయేవి.

ఇప్పుడు పనితనం దగ్గరికి వద్దాం.

59, 55. ఈ రెండంకెలతో ఆగిపోయి ఉంటే ఏమయ్యేది? వెనుకబాటు ఉత్తరానికీ దక్షిణానికీ ఇంచుమించు చెరిసగం, డబ్బు కూడా చెరిసగం అని ఏ ఆర్థిక కార్యదర్శి అయినా తేల్చేసేవాడు. పైగా దానికి నివేదికలోనే ఆధారం ఉందనేవాడు. కమిటీ అక్కడ ఆగలేదు. వెనుకబడిన తాలూకాలెన్ని అన్న లెక్క తలల లెక్క మాత్రమే. 0.99 వచ్చిన తాలూకా ఒక తల, 0.53 వచ్చిన దేవదుర్గ కూడా ఒక తలే. గీతకు మొదటిదానికి ఉన్న దూరం 0.01, రెండోదానికి 0.47. నలభై ఏడు రెట్ల తేడా. ఈ దూరాలను కూడితే వచ్చేదాన్ని కమిటీ సంచిత వంచన సూచీ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచింది, నేను లోటు అంటాను. తాలూకా లోటు, తాలూకాలన్నీ కలిపితే జిల్లా లోటు, జిల్లాలు కలిపితే డివిజన్ లోటు. పేదరికాన్ని కొలిచే ఆర్థికవేత్తలు పేదలు ఎందరు అన్న దానితో పాటు గీతకు ఎంత కింద ఉన్నారన్నదీ చూడాలని ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ ఆలోచనను భూగోళం మీదికి తెచ్చి, బడ్జెట్ పద్దుగా మార్చడం ఈ కమిటీ చేసిన పని.

ఫలితం చూడండి. కర్ణాటకలో నాలుగు రెవెన్యూ డివిజన్లు. గుల్బర్గా డివిజన్‌లో వెనుకబడినవి 28 తాలూకాలు, బెళగావిలో 31, బెంగళూరులో 33, మైసూరులో 22. తలల లెక్కన గుల్బర్గా మూడోస్థానంలో ఉంది. కమిటీ చెప్పిన ప్రత్యేక నిధుల పంపకంలో గుల్బర్గాకు 40 శాతం, బెంగళూరుకు 25, బెళగావికి 20, మైసూరుకు 15. తలలు ఎక్కువున్న బెళగావికి వచ్చింది గుల్బర్గాకు వచ్చినదాంట్లో సగం. ఎందుకంటే గుల్బర్గాలోని 28లో 21 అట్టడుగు వర్గంలోవి. బెళగావిలో అట్టడుగున ఉన్నవి ఐదే, ఆ ఐదూ ఆనాటి బిజాపుర జిల్లాలోవి. ఉత్తరానికి 60, దక్షిణానికి 40 అన్న నిష్పత్తి ఇలా వచ్చింది. ఉత్తరాదివారికి దొరికిన ఆధారం ఇదే.

ఇందులో ఇంకో సొగసుంది. పైన చెప్పిన మూడు వర్గాల గీతలు చాలా దగ్గరగా గీసినవి. 0.88 వస్తే మరింత వెనుకబడినది, 0.89 వస్తే ఉత్త వెనుకబడినది. ఇలాంటి గీతల దగ్గర మన దేశంలో ఏమవుతుందో తెలిసిందే, గీతకు అటు దూకించమని పైరవీలు మొదలవుతాయి. డబ్బు వర్గం పేరును బట్టి కాక లోటును బట్టి నడిస్తే ఆ పైరవీకి విలువ లేదు. 0.01 తేడాకు 0.01 డబ్బే మారుతుంది. వర్గాల పేర్లు జనానికి, పత్రికలకు. లోటు లెక్క ఖజానాకు.

పోలికకు మహారాష్ట్ర ఉంది. అక్కడ 1983లో వేసిన వి.ఎం. దండేకర్ కమిటీ ఇంకో దారి తొక్కింది. రోడ్లు, సాగునీరు, కరెంటు, చదువు, వైద్యం ఇలా రంగం రంగంగా తీసుకుని, రాష్ట్ర సగటుకు ఏ జిల్లా ఎంత తక్కువ ఉందో, దాన్ని పూడ్చడానికి ఎన్ని రూపాయలవుతాయో లెక్కేసింది. మొత్తం బకాయి 3,186.78 కోట్లు. అందులో విదర్భకు 39 శాతం పైచిలుకు, మరాఠ్వాడాకు 23 శాతం పైచిలుకు. దండేకర్ లెక్క ముక్కుసూటిది. రోడ్డు లోటు రోడ్డుతోనే తీరుతుంది, వైద్యం లోటు వైద్యంతోనే. అన్నిటినీ కలిపి ఒకే అంకె చేసే నంజుండప్ప పద్ధతిలో ఒకచోటి మిగులు మరోచోటి లోటును కొంత కప్పేస్తుంది. ఆ మేరకు దండేకర్‌దే పైచేయి అంటాను. కానీ దండేకర్ జిల్లా దగ్గరే ఆగారు. నాగపూరు జిల్లాలో నగరమూ ఉంది, మారుమూల పల్లెలూ ఉన్నాయి.

నంజుండప్ప కమిటీ ఎనిమిదేళ్ళలో 31,000 కోట్లు ఖర్చుపెట్టాలంది. అందులో 15,000 కోట్లు మామూలు బడ్జెట్‌లోంచి, 16,000 కోట్లు అదనంగా. ఆ అదనపు దాంట్లో 40 శాతమంటే గుల్బర్గా డివిజన్‌కు 6,400 కోట్లు. నివేదిక 2002లో వచ్చింది, ప్రత్యేక అభివృద్ధి ప్రణాళిక 2007-08లో మొదలైంది. మధ్యలో ఐదేళ్ళు పోయాయి, ధరలు పెరిగాయి. కేటాయించినదంతా విడుదల కాలేదని, విడుదలైనదంతా ఖర్చు కాలేదని ఆ రాష్ట్రంలో పాత ఫిర్యాదు. దాని గురించి ఎక్కువ చెప్పను, అది కొలత తప్పు కాదు.

చెప్పాల్సింది రాజ్యాంగంలోని 371జె అధికరణం గురించి. మనకు 371డి ఉన్నట్టే, 2012లో 98వ రాజ్యాంగ సవరణతో హైదరాబాద్-కర్ణాటక జిల్లాలకు 371జె వచ్చింది. బీదరు, గుల్బర్గా, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్లారి. బళ్లారి తప్ప మిగతాదంతా నిజాం రాజ్యంలోనూ, ఆ తర్వాత 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనూ తెలంగాణతో కలిసి ఉన్న నేల. ఒకే దివాణం నుంచి వచ్చిన వెనుకబాటు కాబట్టి తెలంగాణ వాదన, వీళ్ళ వాదన దగ్గరి చుట్టాలు. 371జె వల్ల ఉద్యోగాల్లో, సీట్లలో స్థానికులకు వాటా వచ్చింది, ప్రత్యేక అభివృద్ధి మండలి వచ్చింది. కాదనడానికి లేదు. కానీ ఆ గీత చరిత్ర గీసినది. నంజుండప్ప జాబితాను దాని మీద పరిచి చూస్తే, ఆనాటికి 39లో 21 తాలూకాలు గీత లోపల, 18 బయట. బిజాపుర ఐదు తాలూకాలు బయట. పావగడ, బాగేపల్లి బయట. రాజ్యాంగానికి కావాల్సింది స్థిరమైన సరిహద్దు, కొలతకు అలాంటి మొహమాటం లేదు.

ఆ పద్దెనిమిదిలో ఒకటి హరపనహళ్లి. 1997లో దావణగెరె జిల్లా ఏర్పడినప్పుడు బళ్లారి నుంచి అటు వెళ్ళింది, దాంతో 371జె వచ్చినప్పుడు బయట పడింది. ఏళ్ళ ఆందోళన తర్వాత మళ్ళీ బళ్లారిలో కలిసింది, ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. జిల్లా మారింది, డివిజన్ మారింది, హక్కులు మారాయి. తాలూకా అంకె మాత్రం ఏ జిల్లాలో ఉన్నా అదే. పెద్ద గీతలను నమ్ముకోని కొలతకు ఉండే బలం అదే.

ఆ కొలతకూ ఇప్పుడు వయసు మీదపడింది. 2002 అంకెలను పట్టుకునే ఇరవై ఏళ్ళకు పైగా ఎవరు వెనుకబడ్డారో తేలుస్తూ వచ్చారు. 2024లో ప్రొఫెసర్ ఎం. గోవిందరావు అధ్యక్షతన కర్ణాటక కొత్త కమిటీ వేసింది. పాత కొలతతో కొత్త కొలతను పోల్చి, ఎవరు ఎంత పైకి వచ్చారో చెప్పడమంటే ముందు చిక్కు తాలూకాల దగ్గరే వస్తుంది. 175 ఉన్నవి ఇప్పుడు 230 దాటాయి. రాయచూరు జిల్లా మస్కి ఇప్పుడొక తాలూకా. లింగసుగూరు నుంచి కొన్ని ఊళ్ళు, సింధనూరు నుంచి కొన్ని, మాన్వి నుంచి కొన్ని తీసి చేసినది. 2002లో దాని అంకె ఎంత? అలాంటి అంకె లేదు. ఊరూరి పాత లెక్కలు తీసి, ఇప్పటి హద్దుల ప్రకారం మళ్ళీ కూర్చాలి. అదీ చేశారనుకుందాం. పదివేలమందికి డాక్టర్లెందరు అని అడగాలంటే ముందు ఆ తాలూకాలో ఎందరున్నారో తెలియాలి. కొత్త కమిటీ పని మొదలుపెట్టేనాటికి దేశం చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది.